23 గ్రాముల గాజు: ఒక టెలిస్కోపు అద్దం డైరీ

మే

చేయదలచుకున్నది 150 మిల్లీమీటర్ల వ్యాసం, 1200 మిల్లీమీటర్ల నాభ్యంతరం (దూరపు కాంతిని అద్దం ఒక బిందువుకు చేర్చే దూరం) ఉన్న టెలిస్కోపు అద్దం. కొనడం కాదు, నా చేతులతో సానపట్టి తయారు చేయడం. ముడిసరుకు ఒక గుండ్రటి బోరోసిలికేట్ గాజు బిళ్ల. మందం 25 మి.మీ., బరువు కిలోకు పిసరంత తక్కువ. రెండు ముఖాలూ చదునుగా ఉన్నాయి. ఒక ముఖాన్ని మధ్యలో 1.17 మి.మీ. లోతుండి అంచుల వైపు క్రమంగా తగ్గేలా తొలిస్తే అది పుటాకార దర్పణం అవుతుంది.

ఆ లోతు ఎక్కడిదంటే లెక్క చాలా చిన్నది. అద్దం వ్యాసార్థాన్ని వర్గం చేసి, వక్రతా వ్యాసార్థానికి రెట్టింపుతో భాగించాలి. అద్దం వ్యాసార్థం 75, దాని వర్గం 5625. వక్రతా వ్యాసార్థం, అంటే అద్దం ఏ గోళంలో ముక్కో ఆ గోళపు వ్యాసార్థం, నాభ్యంతరానికి రెట్టింపు, అంటే 2400. దానికి మళ్లీ రెట్టింపు 4800. భాగిస్తే 1.17. ఆ గుంటలో పట్టే గాజు పది ఘన సెంటీమీటర్లు, తూస్తే 23 గ్రాములు. రాబోయే నెలల్లో నేను చేయబోయే పనంతా ఆ 23 గ్రాములను తీసేయడమే. తీసిన తర్వాత మిగిలే ఉపరితలం మాత్రం మిల్లీమీటరులో పదివేలో వంతు కంటే ఎక్కువ తేడా లేకుండా ఉండాలి. ఈ రెండు సంఖ్యలూ పక్కపక్కన రాసుకున్నప్పటి నుంచీ మనసు మరో పని మీద నిలవడం లేదు.

ఈ కోరిక పాతది. యురేనస్ గ్రహాన్ని కనిపెట్టిన విలియం హెర్షెల్ వృత్తిరీత్యా సంగీతకారుడు. ఆయన 1781 మార్చి 13 రాత్రి ఆ గ్రహాన్ని చూసింది ఇంట్లో తానే తయారు చేసుకున్న టెలిస్కోపుతో. దాని అద్దం వ్యాసం 6.2 అంగుళాలు, అంటే 157 మి.మీ. నా బిళ్ల కంటే 7 మి.మీ. మాత్రమే పెద్దది. అప్పటివరకూ మనుషులకు తెలిసిన సౌరకుటుంబం శనితో ముగిసేది. ఆ హద్దును రెట్టింపు దూరానికి జరిపిన అద్దం రెండు అరచేతుల్లో ఇమిడేంత ఉండేదని చదివినప్పుడు, అంతటి అద్దం నా చేతులకూ సాధ్యమేమో చూడాలనిపించింది. ఇన్నాళ్లకు గాజు బల్ల మీదికి వచ్చింది.

సానపట్టడానికి రెండో బిళ్ల కావాలి. దాన్ని ప్లాస్టరుతో పోతపోసి, పైన చిన్న చిన్న పింగాణీ పలకలు ఎపాక్సీతో అంటించాను. పలకల మధ్య సందులు వదిలాను, పొడి కలిసిన నీళ్లు కదలడానికి. బల్ల కదలకుండా కాళ్ల మీద బరువులు పెట్టాను. చుట్టూ మనిషి నడవడానికి చోటు ఉండాలన్నది ఈ పనిలో తప్పనిసరి షరతు.

జూన్

ముతక పొడితో మొదలు. నంబరు 80 సిలికాన్ కార్బైడ్, కార్బోరండం అని పిలిచేది. ఒక్కో రేణువు సుమారు 0.2 మి.మీ. కింది బిళ్ల మీద చిటికెడు పొడి, కొన్ని చుక్కల నీళ్లు, పైన గాజు బిళ్ల. రెండు చేతులతో నొక్కి ముందుకూ వెనక్కూ తోయడం. కొన్ని తోపులకు ఒకసారి పై బిళ్లను కొద్దిగా తిప్పడం. మరికొన్నింటికి బల్ల చుట్టూ ఒక అడుగు జరగడం. పద్ధతి ఇంతే. దీనికి మించిన యంత్రాంగం ఏదీ లేదు.

చప్పుడు మాత్రం భయంకరం. మొదటి నిమిషంలో గాజు పగిలిపోతోందేమో అనిపించింది. కాసేపటికి రేణువులు నలిగి చప్పుడు మందగిస్తుంది. అప్పుడు మళ్లీ చిటికెడు పొడి, మళ్లీ నీళ్లు. ఇప్పుడు చెవితోనే తెలిసిపోతోంది పొడి ఎప్పుడు చచ్చిందో.

ఈ వారంలో నాకు అన్నిటికంటే ఆనందం ఇచ్చినది రెండు చదునైన బిళ్లలు ఒకదాన్నొకటి అరగదీసుకుని వంపు తిరగడం. పై బిళ్లను తోసినప్పుడు అది కింది దాని అంచు దాటి బయటికి వేలాడుతుంది. ఆ క్షణంలో బరువంతా కింది బిళ్ల అంచు మీద, పై బిళ్ల మధ్య భాగంలో పడుతుంది. కాబట్టి పైది మధ్యలో గుంట పడుతుంది, కిందిది అంచుల్లో అరిగి ఉబ్బుతుంది. ఇంతవరకూ బుద్ధికి అందుతుంది. ఆ తర్వాతిదే అద్భుతం. ఏ దిశలో తోసినా, ఎంత తిప్పినా, ఒకదాని మీద ఒకటి సందు లేకుండా జారగలిగే వంపు ఉపరితలం ఒక్కటే: గోళం. మరే ఆకారమైనా ఎక్కడో ఒకచోట మిట్ట తగులుతుంది, తగిలిన మిట్ట ముందు అరుగుతుంది. అంటే గోళాన్ని నేను చెక్కడం లేదు. గోళం కాని ప్రతిదీ దానంతట అదే అరిగిపోతోంది.

ఇంకో విషయం. ఇక్కడ చేయి క్రమశిక్షణగా ఒకేలా కదలడం మంచిది కాదు. తోపు పొడవు కాస్త అటూ ఇటూ ఉండాలి, తిప్పే కోణం మారాలి, అడుగు పెద్దదీ చిన్నదీ పడాలి. ఒకేలా కదిలితే ఒకేచోట పదేపదే గాడి పడుతుంది. మనిషి చేతికి సహజంగా ఉండే ఆ అస్థిరతే లోపాలను అన్ని వైపులకూ పంచి చెరిపేస్తుంది. ఇంత సూక్ష్మమైన పని నిఖార్సయిన యంత్రం లేకుండా ఎలా సాధ్యమని మొదట నాకున్న అనుమానానికి జవాబు ఇక్కడ దొరికింది. శతాబ్దాల పాటు ఇళ్లలో, నేలమాళిగల్లో అద్దాలు తయారైనది ఈ సూత్రం మీదే.

రోజూ పని ముగిశాక రాత్రి భోజనానికి ముందు దొరికే కొద్ది సమయంలో బల్ల చుట్టూ తిరుగుతున్నాను. అక్క కూతురు సెలవులకు వచ్చి ఉంది. పక్కన కూర్చుని పొడి చల్లే పని తీసుకుంది. "పిన్నీ, ఈ నల్ల పొడి భూమిలోంచి తవ్వుతారా?" అని అడిగింది. తవ్వరు. 1890లలో ఎడ్వర్డ్ అచెసన్ విద్యుత్ కొలిమిలో దీన్ని తయారు చేసే పద్ధతి కనుగొన్నాడు, అప్పటి నుంచీ కర్మాగారాల్లోనే తయారవుతోంది. ప్రకృతిలో చాలా అరుదు. 1893లో హెన్రీ మ్వాసాన్ ఒక ఉల్కాశిలను పరీక్షిస్తూ సహజమైన సిలికాన్ కార్బైడును గుర్తించాడు. ఇంతకంటే విచిత్రమైనది, 1969లో ఆస్ట్రేలియాలో పడిన మర్చిసన్ ఉల్కాశిలలో దొరికిన సిలికాన్ కార్బైడు రేణువులు. అవి సూర్యుడి కంటే ముందు పుట్టినవి. ఎప్పుడో ఆరిపోయిన కర్బన నక్షత్రాల చుట్టూ వాయువు చల్లబడి గట్టిపడిన ధూళి అది. నక్షత్రాలను చూసే అద్దాన్ని సానపట్టేదీ, నక్షత్రాలు తమంతట తాము తయారు చేసేదీ ఒకే పదార్థం. చెప్పాక ఆ పిల్ల పొడి డబ్బా మూత మరింత జాగ్రత్తగా పెట్టడం మొదలుపెట్టింది.

లోతు కొలవడానికి అద్దం మీద ఉక్కు స్కేలు నిలబెట్టి, మధ్య సందులో 1.2 మి.మీ. డ్రిల్ బిట్టు కాడను దూరుస్తున్నాను. మొదట్లో అది దగ్గరికి కూడా రాలేదు. నెలాఖరుకు బిగుతుగా దూరింది. అప్పుడు అద్దాన్ని నీళ్లతో తడిపి ఎండలో పెట్టాను. తడి ఆరేలోపు గరుకు గాజు కూడా కాసేపు అద్దంలా పనిచేస్తుంది. గోడ మీద సూర్యబింబం అతి చిన్నగా, పదునుగా పడే దూరం టేపుతో కొలిస్తే 1200 మి.మీ.కి చాలా దగ్గరగా ఉంది.

జులై

మెత్తని పొడులు. 120, 220, ఆ తర్వాత 25 మైక్రాన్లు, 12 మైక్రాన్లు, 5 మైక్రాన్ల అల్యూమినియం ఆక్సైడు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. వంపు ఇక మారదు. ప్రతి పొడీ తన ముందరి పొడి చేసిన గుంటలను చెరిపి, తనవైన చిన్న గుంటలను మిగులుస్తుంది. భూతద్దంతో చూసి, పాత గుంట ఒక్కటీ లేదని నమ్మకం కుదిరాకే తర్వాతి పొడికి వెళ్లడం.

ఈ నెలలో సానపట్టినదాని కంటే కడిగినది ఎక్కువ. మెత్తని పొడి మధ్య ఒక్క ముతక రేణువు మిగిలినా అద్దం మీద పొడవాటి గీత పడుతుంది. బల్ల, బకెట్టు, గోళ్ల సందులు, వేసుకున్న బట్టలు, అన్నీ మార్చాలి లేదా కడగాలి. విసుగు పుట్టించే పని అని చాలామంది రాస్తారు. నాకు అలా అనిపించలేదు. రోజంతా తలలో తిరిగే సగం సగం ఆలోచనలన్నీ ఈ కడగడంలో వదిలిపోతాయి. ఈ అరగంటలో మనసుకు ఒకే ఒక్క ప్రశ్న ఉంటుంది: ఇక్కడ ఇంకా రేణువు ఉందా, లేదా?

5 మైక్రాన్ల పొడి పూర్తయ్యేసరికి గాజు పాలరంగు పట్టులా ఉంది. అద్దాన్ని అక్షరాల మీద ఉంచితే అవతలివి చదవగలుగుతున్నాను. దీపానికి ఎదురుగా బాగా వాల్చి చూస్తే ఎర్రటి ప్రతిబింబం కూడా మెరుస్తోంది.

ఆగస్టు

మెరుగు పెట్టే దశ. పలకల బిళ్ల పక్కకు పోయింది. దాని స్థానంలో పిచ్ పరిచిన బిళ్ల వచ్చింది. పిచ్ అంటే తారు జాతికి చెందిన నల్లని పదార్థం. సుత్తితో కొడితే గాజులా ముక్కలవుతుంది, ఊరికే వదిలేస్తే నెమ్మదిగా పారుతుంది. క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయంలో థామస్ పార్నెల్ 1927లో ఒక గరాటులో పిచ్ నింపి, 1930లో కింది మూతిని కోసి వదిలాడు. 2014 నాటికి అందులోంచి తొమ్మిది చుక్కలు పడ్డాయి. గట్టిగా కనిపించే ద్రవం ఇది. అందుకే ఈ పనికి ఇంత చక్కగా సరిపోతుంది. అద్దం వంపుకు తగ్గట్టు తనను తాను మెల్లగా సర్దుకుంటుంది, కానీ తోపు వేగానికి లొంగకుండా గట్టిగా నిలబడుతుంది. న్యూటన్ కూడా తన తొలి ప్రతిబింబ టెలిస్కోపు లోహపు అద్దానికి పిచ్‌తోనే మెరుగు పెట్టాడు. అది 1668 నాటి మాట. ఇన్ని శతాబ్దాల తర్వాత దానికి మించిన పదార్థం చేతిపని వాళ్లకు దొరకలేదు.

పిచ్‌ను సన్నని సెగ మీద కరిగించి, బిళ్ల మీద పోసి, సగం గట్టిపడ్డాక తడిపిన అద్దంతో నొక్కాను. ఆ తర్వాత గాళ్లు కోసి గళ్లు గళ్లుగా చేశాను. గళ్ల కూడలి సరిగ్గా బిళ్ల కేంద్రంలో పడకూడదు. పడితే అద్దం మీద వలయాలు ఏర్పడతాయి. కాబట్టి కావాలనే కాస్త పక్కకు జరిపాను. బొటనవేలి గోటితో గట్టిగా నొక్కితే సన్నని గుర్తు పడాలి, అది సరైన గట్టిదనం.

మెరుగు పెట్టే పొడి సీరియం ఆక్సైడు కలిపిన నీళ్లు కుంచెతో రాసి తోయడం మొదలుపెట్టాను. పొడి సాన మాదిరి చప్పుడు లేదు. పిచ్ అద్దాన్ని పట్టుకున్న బరువు చేతులకు తెలుస్తుంది, భుజాలకు ఇంకా బాగా తెలుస్తుంది. మొదటి పూట ముగిశాక కడిగి చూస్తే పాలరంగు మధ్యలో పల్చబడి, కిటికీ చట్రం స్పష్టంగా ప్రతిఫలించింది. ఈ గాజు నా ముఖాన్ని తిరిగి చూపించడం అదే మొదలు. ఆ రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు.

మెరుగు పెడుతూ నేను ఎక్కువగా తలచుకునేది హెర్షెల్‌ను కాదు, ఆయన చెల్లెలు కారొలైన్‌ను. ఆయన ఒక అద్దానికి పదహారు గంటల పాటు చేయి తీయకుండా మెరుగు పెట్టిన రోజున ఆమె అన్నం ముక్కముక్కగా ఆయన నోటికి అందించింది. పని సాగుతున్నంతసేపూ పక్కన కూర్చుని కథలు చదివి వినిపించేది. ఇది ఆమె స్వయంగా రాసిపెట్టుకున్న జ్ఞాపకం. తర్వాత ఆమె తానే ఆకాశాన్ని గాలించి ఎనిమిది తోకచుక్కలను కనిపెట్టింది. 1787 నుంచి ఖగోళ పనికి ఏడాదికి 50 పౌండ్ల జీతం అందుకుంది. విజ్ఞాన చరిత్రలో యురేనస్ రాత్రి గురించి పేజీలు నిండుతాయి. ఆ పదహారు గంటలకూ అంతే చోటు దక్కాలని నా అభిప్రాయం. గ్రహం ఒక్క రాత్రిలో కంటబడింది. దాన్ని కంటబడేలా చేసిన ఉపరితలం మాత్రం ఇంటి పనుల మధ్య, ఎవరో ఒకరు తోడు కూర్చున్న పూటల్లో తయారైంది.

మెరుగు మధ్య నుంచి అంచులకు పాకుతుంది. అంచు దగ్గర లేజరు చుక్క వేసి చూస్తున్నాను. గుంటలు మిగిలితే ఎర్రటి మచ్చ మెరుస్తుంది, పూర్తయితే చుక్క కనిపించదు. చివరి సెంటీమీటరు చాలా ఓపిక అడుగుతోంది.

సెప్టెంబర్

ఇక్కడి నుంచి పని చేతులది తక్కువ, కళ్లది ఎక్కువ. లియాన్ ఫూకో 1858లో కనిపెట్టిన బ్లేడు పరీక్ష ఇది. సామగ్రి ఒక చిన్న ఎల్‌ఈడీ దీపం, సన్నని చీలిక, ఒక రేజరు బ్లేడు, దాన్ని మిల్లీమీటరులో భాగాలుగా జరిపే మర.

అద్దం గోళంలో ఒక ముక్క అయితే, ఆ గోళం కేంద్రం దగ్గర పెట్టిన దీపపు కాంతి అద్దంలోని ప్రతి బిందువు నుంచీ తిరిగి అక్కడికే వస్తుంది. అక్కడ కన్ను పెడితే అద్దమంతా వెలుగుతో నిండి కనిపిస్తుంది. అప్పుడు బ్లేడును పక్క నుంచి మెల్లగా జరిపి ఆ కాంతిని కోయాలి. నిఖార్సయిన గోళం ఒక్కసారిగా, సమంగా మసకబారుతుంది. ఎక్కడైనా మిట్టపల్లాలు ఉంటే ఆ చోటి నుంచి వచ్చే కాంతి కొద్దిగా పక్కకు పడుతుంది, కొంత బ్లేడుకు ముందే తగిలి ఆగుతుంది, కొంత తప్పించుకుంటుంది. ఫలితంగా మచ్చలేని గాజు మీద వెలుగునీడలతో కొండలూ లోయలూ లేస్తాయి. 2400 మి.మీ. దూరంలో, చీకటి గదిలో, నానోమీటర్ల (మైక్రాన్‌లో వెయ్యో వంతుల) ఎత్తున్న మిట్ట కంటికి పెద్ద దిబ్బలా కనిపిస్తుంది. తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. దానిలో వెయ్యో వంతు తేడాను ఒక బ్లేడు, ఒక కన్ను పట్టుకుంటాయి. ఇంత చవకైన సామగ్రితో ఇంత లోతైన కొలత మరొకటి నాకు తెలియదు.

అద్దం మీద బొటనవేలిని కొద్ది క్షణాలు ఆనించి తీసి, మళ్లీ బ్లేడు గుండా చూశాను. వేలు పెట్టిన చోట ఒక గుట్ట లేచి ఉంది. వేలి వెచ్చదనానికి గాజు వ్యాకోచించింది. నిమిషాలు గడిచేకొద్దీ ఆ గుట్ట నెమ్మదిగా కరిగి చదునైంది. బోరోసిలికేట్ గాజు మామూలు కిటికీ గాజుతో పోలిస్తే మూడో వంతే వ్యాకోచిస్తుంది, అయినా ఇంత. మెరుగు పెట్టిన వెంటనే పరీక్షించకూడదని, అద్దం గది ఉష్ణోగ్రతకు చేరేదాకా ఆగాలని అందరూ చెప్పేది ఇందుకే.

ఆ సాయంత్రమే అక్క కూతురు అద్దానికీ దీపానికీ మధ్య అరచేయి చాచింది. "పిన్నీ, నా చేతికి పొగ వస్తోంది!" అని కేక వేసింది. బ్లేడు వెనక నుంచి చూస్తే నిజంగానే ఆమె వేళ్ల కొసల నుంచి పొగ పాయలు పైకి లేస్తున్నాయి. పొగ కాదు, వేడెక్కిన గాలి. చల్లటి గాలి కంటే అది కాంతిని కొద్దిగా తక్కువ వంచుతుంది. ఆ తేడాను బ్లేడు నీడగా మారుస్తుంది. ఆగస్ట్ టోప్లర్ 1860లలో ఇదే సూత్రంతో గాలి అలలను చూసే పద్ధతిని రూపొందించాడు. తర్వాత తుపాకీ గుండు ముందు లేచే ఆఘాత తరంగాలను కూడా ఆ పద్ధతితోనే ఫొటో తీశారు. మేమిద్దరం ఆ రాత్రి అద్దాన్ని పరీక్షించడం మానేసి కొవ్వొత్తి, మంచు ముక్క, మా ఊపిరి, అన్నీ ఆ కాంతిలో పెట్టి చూశాం. మంచు ముక్క నుంచి గాలి కిందికి జారుతుంది. మాట్లాడుతున్న మనిషి నోటి ముందు ప్రతి అక్షరానికీ ఒక మేఘం లేస్తుంది. ఇన్నేళ్లుగా మన చుట్టూ ఇది జరుగుతూనే ఉంది. దాన్ని చూపించే అద్దమే ఇప్పుడు కొత్తగా వచ్చింది.

అద్దం సంగతికి వస్తే, మధ్య భాగం చక్కటి గోళం, అంచున మాత్రం సన్నని వలయం కిందికి జారింది. మెరుగు పెట్టేటప్పుడు ఇది సర్వసాధారణం. తోపులు పొట్టిగా మార్చి, ప్రతి పూటకూ ముందు పిచ్‌ను అద్దంతో చాలాసేపు ఒత్తి ఉంచి, మళ్లీ పని చేస్తున్నాను. వలయం సన్నబడుతోంది.

పరీక్ష ఫలితాన్ని ఒకే పద్ధతితో నమ్మడం లేదు. 1990లో కక్ష్యలోకి వెళ్లిన హబుల్ టెలిస్కోపు కథ దీనికి కారణం. దాని 2.4 మీటర్ల అద్దం అంచు దగ్గర సుమారు 2.2 మైక్రాన్లు ఎక్కువ చదునుగా తయారైంది. మెరుగు పెట్టడం అద్భుతంగా జరిగింది. పరీక్షించే పరికరంలో ఒక కటకం 1.3 మి.మీ. తేడాతో అమరి ఉండటం వల్ల, ఆ పరికరం చెప్పిన ఆకారానికి అద్దం కచ్చితంగా సరిపోయింది. 1993 డిసెంబరులో వ్యోమగాములు వెళ్లి సవరణ పరికరాలు అమర్చారు. అందుకని బ్లేడుతో పాటు, వాస్కో రోంకీ 1923లో ప్రచురించిన గీతల పరీక్ష కూడా చేస్తున్నాను. సన్నటి గీతల తెర గుండా చూస్తే గోళం మీద గీతలు నిటారుగా ఉండాలి. మధ్యలో ఉన్నాయి. అంచున కొద్దిగా వంకర ఇంకా మిగిలింది.

అక్టోబర్

అంచు సర్దుకుంది. ఇక చివరి ప్రశ్న: గోళంతో ఆగిపోవాలా, పరావలయం దాకా వెళ్లాలా?

దూర నక్షత్రం నుంచి వచ్చే సమాంతర కిరణాలను ఒకే బిందువుకు చేర్చేది పరావలయాకారం. నా అద్దానికి, మధ్యలో ఒకే వంపు ఉన్న గోళానికీ పరావలయానికీ అంచు దగ్గర తేడా 0.29 మైక్రాన్లు. రెండింటినీ ఒకదాని మీద ఒకటి వీలైనంత దగ్గరగా అమర్చి చూస్తే మిగిలే తేడా అందులో నాలుగో వంతు, 72 నానోమీటర్లు. ఆకుపచ్చ కాంతి తరంగదైర్ఘ్యం 550 నానోమీటర్లు. ప్రతిఫలనంలో లోపం రెట్టింపవుతుంది కాబట్టి ఆ 72 కాస్తా 144 అవుతుంది, తరంగంలో నాలుగో వంతుకు పిసరంత ఎక్కువ. మంచి అద్దానికి పాత తరం పెట్టిన గీటురాయి సరిగ్గా ఆ నాలుగో వంతు. అంటే గోళంతో ఆగినా చంద్రుడూ గ్రహాలూ బాగానే కనిపిస్తాయి. కానీ హద్దు మీద ఆగడం నాకు నచ్చలేదు.

పొడవాటి తోపులతో మధ్య భాగాన్ని కొద్దిగా లోతు చేయాలి. పని నిమిషాల్లో అయిపోతుంది, చల్లబడటానికి వేచి ఉండటమే గంటలు పడుతుంది. ప్రతి విడత తర్వాత అద్దాన్ని వదిలేసి, మర్నాడు మాత్రమే పరీక్షించాను. దీపాన్ని కదల్చకుండా బ్లేడును మాత్రమే జరిపితే, మధ్య భాగానికీ అంచుకూ కొలతల్లో 2.3 మి.మీ. తేడా రావాలి. నీడ క్రమంగా మధ్యలో గుంట, దాని చుట్టూ ఉబ్బిన వలయం ఉన్న ఆకారం దాల్చింది. తేడా 2.3 దగ్గర స్థిరపడిన రాత్రి పిచ్ బిళ్లను కడిగి గుడ్డలో చుట్టి పక్కన పెట్టేశాను. ఇక ముట్టుకోను.

కాంతిని ప్రతిఫలించే లోహపు పూత వేయించక ముందే ఒక ప్రయోగం చేయాలని ఉంది. మెరుగుపెట్టిన వట్టి గాజు తన మీద పడిన కాంతిలో సుమారు 4 శాతాన్ని ప్రతిఫలిస్తుంది. 150 మి.మీ. అద్దం 4 శాతం పనిచేస్తే, 30 మి.మీ. కటకం సేకరించినంత వెలుగు వస్తుంది. నక్షత్రాలకు అది చాలదు. చంద్రుడికి చాలు, పైగా కళ్లకు హాయిగా కూడా ఉంటుంది. పదును మాత్రం పూర్తిగా 150 మి.మీ.దే.

నవంబర్

గొట్టం, పెట్టె సిద్ధమయ్యాయి. పెట్టెకు నమూనా జాన్ డాబ్సన్‌ది. ఆయన అమెరికాలోని కాలిఫోర్నియాలో వేదాంత మఠాల్లో 1944 నుంచి 1967 దాకా సన్యాసి. ఓడ కిటికీల గాజుతో అద్దాలు సానపట్టి, అట్ట గొట్టాలకు బిగించి, మఠం బయట దారిన పోయేవాళ్లకు చంద్రుణ్ణి చూపించేవారు. ఆయన రూపకల్పనలో ఖరీదైన ఇరుసులు లేవు. ప్లైవుడ్ పెట్టె, దాని కింద టెఫ్లాన్ ముక్కలు, చేత్తో తోస్తే జరుగుతుంది, వదిలితే ఆగుతుంది. రంపం పట్టడం వచ్చిన ఎవరైనా చేసుకోగలరు. టెలిస్కోపుల చరిత్రలో ఇంతకంటే ఉదారమైన ఆవిష్కరణ లేదని నా నమ్మకం.

చంద్రుడు సగం దాటి పెరిగిన రాత్రి, పూత లేని అద్దంతో మొదటి చూపు. కోపర్నికస్ బిలం వెలుగునీడల సరిహద్దు మీదే ఉంది. 93 కిలోమీటర్ల వెడల్పున్న ఆ గుంట లోపలి గోడలు మెట్లు మెట్లుగా దిగుతున్నాయి. మధ్యలోని కొండల శిఖరాలకు మాత్రమే ఎండ తగులుతోంది, వాటి పాదాలు ఇంకా చీకట్లో ఉన్నాయి. అంత వివరం లోహం చుక్క కూడా లేని గాజు నుంచి వస్తోంది. అక్క కూతురికి ఫోను చేసి చెప్పాను. పూత వేశాక శని వలయాలు తనకే మొదట చూపించాలని మాట తీసుకుంది.

అద్దాన్ని అల్యూమినియం పూతకు పంపాను. శూన్యపు గదిలో లోహాన్ని ఆవిరి చేసి గాజు మీద పట్టించే ఈ పద్ధతి 1930లలో జాన్ స్ట్రాంగ్ చేతుల్లో స్థిరపడింది. అంతకుముందు వెండి పూత వేసేవారు, అది త్వరగా నల్లబడేది. పూత మందం సుమారు 0.1 మైక్రాన్. నా అద్దం మొత్తానికి పట్టే అల్యూమినియం లెక్క కడితే 5 మిల్లీగ్రాములు. కాంతిని తిప్పి పంపేది ఆ 5 మిల్లీగ్రాములే. కిలో గాజంతా దాన్ని సరైన ఆకారంలో పట్టి ఉంచడానికి.

జనవరి

అద్దం తిరిగి వచ్చింది, పెట్టెలో కూర్చుంది. చీకటికి అలవాటుపడిన కంటి పాప 7 మి.మీ. తెరుచుకుంటుందనుకుంటే, ఈ అద్దం దానికి 450 రెట్లకు పైగా కాంతిని పోగు చేస్తుంది. ఓరియన్ నీహారిక రెక్కలు చాచి కనిపించింది. దాని నడుమ నాలుగు చిన్న నక్షత్రాలు విడివిడిగా ఉన్నాయి.

శని పడమట దిగిపోయేలోపు అక్క కూతురికి మాట చెల్లించాను. ఆమె చాలాసేపు కంటి కటకాన్ని వదలలేదు.

గురుడి దగ్గర అనుకోనిది దొరికింది. పళ్లెం మీద, రెండు గోధుమరంగు పట్టీల మధ్య, గుండ్రటి నల్లని చుక్క. మొదట అద్దం మీద దుమ్మేమో అనుకుని గొట్టాన్ని కదిపి చూశాను. చుక్క గ్రహంతో పాటే కదిలింది. గంటలో అది పట్టీ వెంబడి స్పష్టంగా జరిగింది. అయో ఉపగ్రహం నీడ అది. అంటే ఆ చుక్క కింద, గురుడి మేఘాల మీద, అప్పుడు సంపూర్ణ సూర్యగ్రహణం. అయో 42 గంటల 28 నిమిషాలకు ఒకసారి గురుడిని చుట్టివస్తుంది. 1676లో ఓలే రోమర్ అది గ్రహణంలో మునిగే వేళలు ముందుకూ వెనక్కూ జరుగుతున్నట్టు గమనించి, కాంతి ప్రయాణానికి సమయం పడుతుందని తేల్చాడు. ఆ లెక్కను నా నోటు పుస్తకంతో, నా అద్దంతో మళ్లీ చేయవచ్చు. భూమి గురుడికి దగ్గరవుతున్న నెలల్లో, దూరమవుతున్న నెలల్లో గ్రహణ వేళలు రాసుకుంటే చాలు. రాసుకోవడం ఇప్పటికే మొదలుపెట్టాను.

బల్ల మీద ఇప్పుడు 200 మి.మీ. బిళ్ల ఉంది. నాభ్యంతరం మళ్లీ 1200 మి.మీ.నే అనుకుంటున్నాను, గొట్టం పొడవు మారకుండా. మధ్య లోతు ఈసారి 2.08 మి.మీ. గోళానికీ పరావలయానికీ అంచున తేడా 0.9 మైక్రాన్లు, మొదటి అద్దానికి మూడింతలు. కాబట్టి ఈసారి గోళంతో ఆగే వీలు లేదు, పరావలయం దాకా వెళ్లి తీరాలి. కింది బిళ్లకు ప్లాస్టరు పోశాను, పలకలు అంటించాలి. నంబరు 80 పొడి మొదలుపెట్టేది తానేనని అక్క కూతురు ముందే చెప్పింది, కాబట్టి వేసవి సెలవుల దాకా ఆ డబ్బా మూత తీయను.